గోల్ఫ్ కోర్సుకి పేరు పెట్టడం ఎలా: మొదటి నడక నుంచి 18వ హోల్ బోర్డు దాకా

"కొత్త గోల్ఫ్ కోర్సుకి ఏం పేరు పెడితే బాగుంటుంది?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. హైదరాబాద్ చుట్టుపక్కల విల్లా వెంచర్‌లో 9 హోల్స్ (బంతి కొట్టడం మొదలెట్టే చోటునుంచి గుంత దాకా ఉన్న ఒక్కో భాగం ఒక హోల్) వేస్తున్నవాళ్ళున్నారు, ఉన్న క్లబ్బులోనే రెండో కోర్సు తెరుస్తున్న కమిటీవాళ్ళున్నారు. అమెరికాలో పాత కోర్సు కొని, పేరు ఉంచాలా మార్చాలా అని తేల్చుకోలేకపోతున్న మనవాళ్ళూ ఉన్నారు. అందరికీ పనికొచ్చేలా పనులన్నీ వరసలో రాస్తున్నాను.

మొదటి టీ (హోల్ ఆట మొదలెట్టే చోటు) మీద నిలబడ్డ ఆటగాడికి పేరులో ఉన్నది కంటికి కనబడాలి. లేదా చెవికి వినబడాలి. అదీ కాకపోతే ఆ ఊరి మనిషి ఒకడు "అవును, దీన్ని మేం అలాగే అంటాం" అనాలి. ఈ మూడింట్లో ఒక్కటీ లేకపోతే ఎంత అందమైన పేరైనా చెడ్డ పేరే. కింద చెప్పే దశలన్నీ ఈ ఒక్క విషయం కోసమే.

మొత్తం పనికి ఆరు వారాలు పెట్టుకోండి. బ్రోచర్ ప్రింటుకి వెళ్ళే తేదీ ముందే ఖాయం చేసి, దాని వెనక పేరు కోసం పరుగెత్తితే టెన్షన్‌లో ఏదో ఒకటి పెట్టేస్తారు. చాలా చెడ్డ పేర్లు అలా పుట్టినవే.

## 1. ఏ పేరు పెడుతున్నారో ముందు తేల్చుకోండి

ఇక్కడ మూడు పేర్లుంటాయి: భూమి కొని కట్టే కంపెనీ పేరు, సభ్యులు చేరే క్లబ్ పేరు, ఆడే కోర్సు పేరు. మూడూ ఒకటే కావాలనేం లేదు.

స్కాట్లండ్‌లో మ్యూర్‌ఫీల్డ్ అనే ప్రసిద్ధ కోర్సు ఉంది. దాన్ని నడిపే క్లబ్ పేరు "ఆనరబుల్ కంపెనీ ఆఫ్ ఎడిన్‌బరా గోల్ఫర్స్". ఆటగాళ్ళ నోట మ్యూర్‌ఫీల్డే వినిపిస్తుంది, ఎందుకంటే ఆ పేరు నేలది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో 18 హోల్స్ కోర్సు పేరు లోధీ, 9 హోల్స్ కోర్సు పేరు పీకాక్. అక్కడ లోధీల కాలం సమాధులు, కట్టడాలు కళ్ళెదుటే ఉంటాయి, నెమళ్ళూ తిరుగుతుంటాయి. క్లబ్ పేరు నగరాన్ని చెబుతుంది, కోర్సు పేరు నేలని చెబుతుంది.

వెంచర్ కంపెనీ పేరునే కోర్సుకి తగిలించడం నాకు నచ్చదు. కంపెనీ చేతులు మారితే బోర్డు మారుతుంది, సభ్యుల టోపీలు మారతాయి, మ్యాపు మారుతుంది. కోర్సుకి సొంత పేరు ఉంటే యజమాని మారినా అది నిలుస్తుంది.

ఈ దశ చివర్లో కాగితం మీద ఉండాల్సినవి:

- మూడు పేర్లకీ మూడు వరసలు, ఏది ఖాయమో ఏది ఖాళీయో
- పేరు మీద ఆఖరి మాట ఎవరిదో (ఒక్కరు మేలు, ముగ్గురు దాటకూడదు)
- ముందు ముందు రెండో కోర్సు వచ్చే వీలుందా లేదా

మూడో అంశాన్ని వదిలేయకండి. 8వ దశలో దాని అవసరం తెలుస్తుంది.

## 2. నేల నడవండి, మూడుసార్లు

ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి పొద్దు వాలాక నడవండి. కుదిరితే ఒక నడక వానాకాలంలో, ఒకటి ఎండాకాలంలో పెట్టుకోండి. కార్లో తిరిగితే లెక్కలోకి రాదు.

చేతిలో ఒక నోట్‌బుక్ ఉంచుకోండి. పేర్లు రాయొద్దు, కనబడ్డవి రాయండి. "రెండో ఫెయిర్‌వే ఎడమవైపు మూడు తాటిచెట్లు, ఒకటి వంగి ఉంది." "ఏడో గ్రీన్ వెనక బండ మీద ఇంకో బండ." "సాయంత్రం పడమటి గాలి, జోరుగా." ఇలాంటివే తర్వాత పేర్లవుతాయి. (ఫెయిర్‌వే అంటే టీకీ గుంతకీ మధ్య కత్తిరించిన గడ్డి నేల, గ్రీన్ అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి.)

చెవులు కూడా తెరిచి ఉంచండి. అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున 1998లో తెరిచిన విజ్లింగ్ స్ట్రెయిట్స్ కోర్సు నేల సహజంగా అలా ఉన్నది కాదు. చదునైన స్థలంలో లారీలకి లారీలు ఇసుక పోయించి డిజైనర్ పీట్ డై ఆ దిబ్బలు కట్టాడు. కానీ సరస్సు మీదనుంచి ఈల వేస్తూ వచ్చే గాలి మాత్రం నిజం. పేరు ఆ ఈలని పట్టుకుంది కాబట్టి నిలబడింది. కట్టిన దిబ్బల పేరు పెట్టి ఉంటే ఇంత బలం ఉండేది కాదని నా అభిప్రాయం.

నడకలో చూడాల్సినవి:

- ఏడాదంతా ఉండేవి: బండలు, గుట్ట, పెద్ద చెట్లు, వాలు
- కొన్ని నెలలే ఉండేవి: కుంటలో నీళ్ళు, మోదుగ పూలు, వలస పిట్టలు
- దూరంగా కనబడేవి: కోట, గుడి గోపురం, కొండ వరస
- కోర్సు కట్టేటప్పుడు పోయేవి: ఏ చెట్లు కొట్టేస్తున్నారు, ఏ బండ పగలగొడుతున్నారు

నాలుగో వరసలో ఉన్నదేదీ పేరులోకి రాకూడదు. కొట్టేసిన చెట్టు పేరు బోర్డు మీద పెట్టుకోవడం ఊరివాళ్ళకి చాలా బాధగా ఉంటుంది.

రెండో వరస విషయంలో నేను స్వయంగా చూసిన తప్పు ఒకటి ఉంది. నగర శివార్లలో ఒక చిన్న కోర్సుకి పేరు పెట్టే కమిటీలో కూర్చున్నాను. గెలిచిన పేరులో "లేక్" అనే మాట ఉంది. ఆ లేక్ వానలు పడ్డాక మూడు నెలలు నిండే కుంట. కోర్సు తెరిచింది ఏప్రిల్‌లో. వచ్చిన అతిథులు చెరువెక్కడ అని అడుగుతుంటే పగుళ్ళిచ్చిన మట్టి చూపించాల్సి వచ్చింది. ఆ రోజు కమిటీలో గట్టిగా వద్దనలేదని నాకు ఇప్పటికీ బాధే. ఏడాదిలో కొన్ని నెలలే కనబడేదాన్ని ఒక హోల్‌కి పెట్టండి, కోర్సు మొత్తానికి వద్దు.

## 3. ఊరిని అడగండి

మీరు కొన్న నేలకి మీకంటే ముందే పేరుంది. పొలానికో పేరు, గుట్టకో పేరు, బండకో పేరు ఉంటుంది. గొర్రెల కాపరికి తెలుసు, పాత కౌలురైతుకి తెలుసు, ఊళ్ళో పెద్దావిడకి ఇంకా బాగా తెలుసు. తెలంగాణలో "ఫలానా చెలక" అంటారు, కోస్తాలో "ఫలానా మెట్ట" అంటారు. పాత పహాణీలు, అడంగళ్ళు తిరగేస్తే కొన్ని దొరకొచ్చు. సర్వే ఆఫ్ ఇండియా పాత మ్యాపుల్లో గుట్టల పేర్లు, వాగుల పేర్లు కనబడతాయి.

కనీసం ఐదుగురిని విడివిడిగా అడగండి. ముగ్గురు ఒకే మాట చెబితే అది గట్టి పేరు.

న్యూజెర్సీలో బాల్టస్‌రాల్ అని 1895లో మొదలైన క్లబ్ ఉంది. ఆ నేల ఒకప్పుడు బాల్టస్ రోల్ అనే రైతుది. 1831లో అతన్ని హత్య చేశారు. క్లబ్ ఆ రైతు పేరునే ఉంచుకుంది. పేరు విన్న ప్రతివాడూ "అంటే ఏమిటి?" అని అడుగుతాడు, జవాబుగా ఆ నేల కథ వస్తుంది.

ఈ దశలో జాగ్రత్తలు:

- దేవుడి పేరు, గ్రామదేవత పేరు వద్దు. చెప్పులేసుకుని తిరిగేచోట, బార్ ఉండేచోట ఆ పేరు ఉండటం ఊరికి నచ్చదు, నచ్చకపోవడం న్యాయమే.
- శ్మశానం, సమాధి, గొడవల్లో ఉన్న భూమి పేర్లు వద్దు.
- బతికున్న మనిషి పేరు వద్దు.
- ఒక కులాన్ని, తెగని సూచించే పేరైతే ఆ మనుషుల్ని కూర్చోబెట్టి అడగండి. కాలిఫోర్నియాలో ఒక పేరున్న స్కీ రిసార్ట్, అమెరికా మూలవాసి స్త్రీలని కించపరిచే మాట తన పేరులో ఉందని, దశాబ్దాల తర్వాత 2021లో పాలిసేడ్స్ తాహో అని పేరు మార్చుకోవాల్సి వచ్చింది.

ఊరి పేరే తీసుకుంటే ఇంకా మంచిది. సిమ్లా దగ్గర నల్దేహ్రాలో ఒక గోల్ఫ్ కోర్సు ఉంది. వైస్రాయ్ కర్జన్‌కి ఆ చోటంటే ఎంత ఇష్టమంటే, 1904లో పుట్టిన మూడో కూతురి పేరులో దాన్ని కలుపుకున్నాడు: అలెగ్జాండ్రా నల్దేరా. కోర్సుకి ఊరి పేరు, ఆ ఊరి పేరే ఒక పిల్లకి. విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ కూడా చోటు పేరు పెట్టుకున్నదే. ఆ పేరులో తూర్పు దిక్కుంది, సముద్రం ఉన్నది ఆ దిక్కునే.

## 4. 40 పేర్లు రాసి, 35 కొట్టేయండి

నోట్‌బుక్, ఊరి మాటలు ముందు పెట్టుకుని 40 పేర్లు రాయండి. మొదటి పది పేర్లు అందరికీ తట్టేవే, అసలైనవి ఇరవై దాటాకే వస్తాయి. తర్వాత ఎర్ర పెన్ను తీసుకోండి. ఈ మాటలున్న పేర్లని నేనైతే వెంటనే కొట్టేస్తాను.

రాయల్. బ్రిటన్‌లో ఇది రాజకుటుంబం అనుమతితో వచ్చే గౌరవం. 1829లో మొదలైన కలకత్తా క్లబ్బుకి "రాయల్" 1911లో వచ్చింది. దాన్ని సంపాదించుకోవడానికి 80 ఏళ్ళు దాటాయి. మీరు బోర్డు మీద మీరే రాసుకుంటే దానికి బరువుండదు. శ్రీనగర్ రాయల్ స్ప్రింగ్స్ సంగతి వేరు. పక్కనే ఉన్న మొఘల్ తోట చష్మా షాహీ అనే మాటకి అర్థమే రాజుగారి ఊట.

లింక్స్. సముద్రపు ఒడ్డుకీ సాగునేలకీ మధ్య ఉండే ఇసుక గడ్డి నేలని లింక్స్ అంటారు. శంషాబాద్ దగ్గర లింక్స్ ఉండదు. ఆట తెలిసినవాడు ఈ మాట చూడగానే మీ మాట నమ్మడం మానేస్తాడు.

వ్యాలీ, లేక్, ఓక్, పైన్. ఉంటే పెట్టండి, లేకపోతే వద్దు. ఒక్క మినహాయింపు ఉంది, అది నాకు చాలా ఇష్టం. న్యూయార్క్ రాష్ట్రంలో ఓక్ హిల్ క్లబ్ 1920లలో కొత్త చోటికి మారినప్పుడు అక్కడ చెట్లు పెద్దగా లేవు. జాన్ విలియమ్స్ అనే వైద్యుడు, ఆ క్లబ్ సభ్యుడే, ఓక్ విత్తనాలు తెప్పించి మొలిపించి ఏళ్ళ తరబడి వేల మొక్కలు నాటించాడు. ఇప్పుడు అక్కడ పేరుకి తగ్గ అడవి ఉంది. పేరుకి తగ్గట్టు నేలని మార్చే ఓపిక, డబ్బు, ఇరవై ఏళ్ళ టైమ్ ఉంటే మీరూ చేయొచ్చు. వేపతోపు అని పెట్టి వేపలు నాటండి. ముందు నాటండి, తర్వాత బోర్డు పెట్టండి.

ఛాంపియన్స్, సిగ్నేచర్, ప్రీమియర్, ఎలీట్. ఇవి పొగడ్తలు. నేల గురించి ఒక్క ముక్క కూడా చెప్పవు.

న్యూ. 8వ దశ చూడండి.

ఇంకో దేశం ఊరి పేరు. స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్, అమెరికాలో అగస్టా, పెబుల్ బీచ్ ఇవన్నీ ఒక చోటుకి కట్టుబడ్డ పేర్లు. వాటిని తెచ్చి తగిలిస్తే మీ కోర్సు మొదటి రోజునుంచే నకలుగా కనబడుతుంది.

చివరికి ఐదు మిగలాలి. ఏడు మిగిలినా ఫర్వాలేదు, పన్నెండు మిగిలితే ఇంకా కొట్టలేదన్నమాట.

## 5. తెలుగు మాటా, ఇంగ్లీషు మాటా?

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. తెలుగు పెడితే బెంగళూరు, ఢిల్లీవాళ్ళకి పలకదేమో అని భయం. స్కాట్లండ్‌లో మాక్రిహానిష్, ఐర్లండ్‌లో బాలిబనియన్ అని కోర్సులున్నాయి. బయటివాళ్ళకి నోరు తిరగని పేర్లే, అయినా ప్రపంచం నలుమూలలనుంచీ వెతుక్కుంటూ వెళ్తారు. చోటుదైన పేరు కష్టంగా ఉన్నా జనం నేర్చుకుంటారు.

ఇంగ్లీషు మాట తప్పేం కాదు. గచ్చిబౌలి దగ్గరి బౌల్డర్ హిల్స్ మంచి పేరు. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది, అక్కడ అడుగుపెట్టగానే ఆ బండలే పలకరిస్తాయి. అదే సంగతి తెలుగులో చెప్పాలనుకుంటే మాత్రం మాట మీద కొంచెం పని చేయాలి.

మొదటి పని: రెండో అర్థం చూడండి. నేలకి సంబంధించిన మన మాటల్లో చాలావాటికి ఇంకో అర్థం ఉంటుంది.

- తిప్ప: ఇసుక మేట. కానీ "తిప్పలు" వెంటనే గుర్తొస్తాయి.
- దిబ్బ: ఎత్తు నేల. పల్లెలో పెంటదిబ్బ కూడా దిబ్బే.
- చింత: చెట్టూ అదే, దిగులూ అదే.
- గండి: కొండల మధ్య దారి. చెరువుకి పడేదీ గండే.
- వాగు: నీళ్ళున్నచోట బాగుంటుంది, కానీ ఒంటరిగా వాడొద్దు. "పెద్దవాగు", "రాళ్ళవాగు" అనండి.
- తోపు: చెట్ల గుంపు. ఈ కాలం కుర్రాళ్ళ మాటల్లో ఘనుడు. రెండూ మంచివే, కాబట్టి ఇది చాలా మంచి మాట.
- బండ, గుట్ట, మడుగు, బయలు: పేరుకి బాగా కుదురుతాయి.

రెండో పని: ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, తెలుగు రానివాళ్ళ చేత చదివించండి. ఇది అస్సలు దాటేయకండి. మొదటి టీ నుంచి ఏడు పెద్ద బండలు కనబడుతున్నాయని "ఏడుబండలు" అని పెట్టారనుకోండి. తెలుగులో ఎంతో బాగుంది. ఇంగ్లీషులో "ఇ, డి, యు" అని మొదలయ్యేసరికి చదివేవాడికి "ఎడ్యు" అనిపిస్తుంది, చదువుల కంపెనీ అనుకుంటాడు. "బండ"ని హిందీవాళ్ళు "బందా" అని చదువుతారు, అంటే మనిషి. మొదటి అక్షరంగా "వై" పెట్టి "యేడు" అన్నట్టు రాస్తే ఒక చిక్కు పోతుంది. రెండోది పోదు. అప్పుడు పేరు వదులుకోవాలా, ఆ ఉచ్చారణతో బతకాలా అన్నది మీ ఇష్టం. నేనైతే బతుకుతాను.

మూడో పని: తోకలు తగ్గించండి. "మోదుగతోపు గోల్ఫ్ క్లబ్" చాలు. "మోదుగతోపు గ్రీన్స్ ఇంటర్నేషనల్ గోల్ఫ్ అండ్ కంట్రీ రిసార్ట్" అంటే ముందున్న ఒక్క నిజమైన మాటని వెనక ఆరు మాటలు మింగేస్తాయి.

## 6. ఐదు పేర్లకీ ఆరు పరీక్షలు

ఒక్కో పరీక్షలో తప్పితే ఒక మార్కు తీసేయండి. మూడు పోయిన పేరుని పక్కన పెట్టండి.

1. ఫోన్ పరీక్ష. పేరు తెలియని ముగ్గురికి ఫోన్ చేసి ఒక్కసారే చెప్పండి. వాట్సాప్‌లో రాసి పంపమనండి. ఇద్దరైనా సరిగ్గా రాయాలి.
2. క్యాబ్ పరీక్ష. మ్యాపులో వెతకండి. అదే పేరుతో అపార్ట్‌మెంట్, ఫంక్షన్ హాల్, బడి ఉన్నాయా? ఉంటే అతిథులు అక్కడికే వెళ్తారు.
3. క్యాడీ పరీక్ష. క్యాడీలు (ఆటగాళ్ళ సంచులు మోసేవాళ్ళు), మాలీలు మొదటి వారంలోనే పేరుని కుదించేస్తారు. ఆ కుదించిన రూపం ఏమవుతుందో వాళ్ళనే అడగండి. నాకు అన్నింట్లోకీ నమ్మకమైన పరీక్ష ఇదే.
4. టోపీ పరీక్ష. టోపీ ముందు భాగంలో కుట్టిస్తే రెండు గజాల దూరంనుంచి చదవగలగాలి.
5. "ఎందుకు?" పరీక్ష. "ఆ పేరెందుకు?" అంటే ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, వేలుపెట్టి చూపించగలగాలి.
6. ఇరవై ఏళ్ళ పరీక్ష. ఇప్పటి ఫ్యాషన్ మాట ఏదైనా ఉంటే ముసలిదవుతుంది. బండ ముసలిదవదు.

పరీక్షలయ్యాక రెండు మిగిలితే వారం ఆగండి. ఆ వారంలో మీ ఇంట్లోవాళ్ళ నోట ఏది ఎక్కువ వస్తే అదే పేరు.

## 7. చట్టం పని, బయటికి చెప్పకముందే

- ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతకండి. ఆటలు, వినోదం సేవలు 41వ క్లాస్ కింద వస్తాయి. టోపీలు, టీషర్టులు అమ్మేట్టయితే 25వ క్లాస్ కూడా చూడాలి.
- 1999 ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఉత్త ఊరి పేరు, ఉత్త వర్ణన మాత్రమే ఉన్న గుర్తుకి రిజిస్ట్రేషన్ మామూలుగా దొరకదు. ఊరి పేరుకి ఇంకో మాటో, సొంత లోగోనో కలిపి లాయర్‌ని అడగండి. రిజిస్ట్రేషన్ అయితే 10 ఏళ్ళు, తర్వాత రెన్యువల్.
- 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం ఒకటుంది. గాంధీ, నెహ్రూ, శివాజీ లాంటి పేర్లు వ్యాపారానికి వాడటం, ప్రభుత్వం అండ ఉన్నట్టు అనిపించే పేర్లు పెట్టడం దాని కిందికొస్తాయి.
- కంపెనీ పేరులో "నేషనల్" కావాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి.
- వెబ్ చిరునామా, ఇన్‌స్టా పేరు ఒకే రోజు తీసుకోండి. తప్పుగా రాసే అవకాశమున్న స్పెల్లింగ్ చిరునామా కూడా కొనిపెట్టుకోండి.

ఇవి కాకముందు బ్రోకర్లకి పేరు చెప్పొద్దు.

## 8. రెండో కోర్సు వస్తే

సెయింట్ ఆండ్రూస్‌లో 1895లో ఇంకో కోర్సు తెరిచి "న్యూ కోర్స్" అన్నారు. ఆ "కొత్త" కోర్సుకి ఇప్పుడు 130 ఏళ్ళు దాటాయి. ఇంకో రెండేళ్ళకి, 1897లో, విక్టోరియా రాణి పాలనకి 60 ఏళ్ళయిన సందర్భంగా "జూబిలీ" వచ్చింది. వాళ్ళకి చెల్లింది, ఎందుకంటే పక్కనే ఓల్డ్ కోర్స్ ఉంది. మీకు చెల్లదు. 2008లో అక్కడే కొండ అంచున ఇంకో కోర్సు తెరిచినప్పుడు జనాన్ని అడిగి "కాజిల్ కోర్స్" అని పెట్టుకున్నారు.

మంచి దారులు మూడు. న్యూయార్క్ రాష్ట్రంలో బెత్‌పేజ్ పార్కులో ఐదు కోర్సులకీ రంగుల పేర్లే: బ్లాక్, రెడ్, బ్లూ, గ్రీన్, యెల్లో. అమెరికాలోనే పైన్‌హర్స్ట్‌లో నంబర్లు, "నంబర్ 2" అంటే చాలు అందరికీ తెలుస్తుంది. మూడోది ఢిల్లీ దారి, ఒక్కో కోర్సుకి దాని నేలలోంచి తీసిన పేరు. నాకు మూడోదే ఇష్టం. తొందరగా తేలాలంటే రంగులు.

"ఈస్ట్, వెస్ట్" కూడా పనికొస్తుంది, మూడో కోర్సు వస్తేనే ఇబ్బంది.

## 9. హోల్స్‌కి పేర్లు

కోర్సు పేరు ఒక్కటే ఉంటుంది, చాలా ఆలోచించి పెడతారు. హోల్స్ 18 ఉంటాయి. కోర్సు పేరులో పట్టనిదంతా ఇక్కడ పెట్టుకోవచ్చు. మొదటి నోట్‌బుక్ మళ్ళీ తీయండి.

అగస్టా నేషనల్ ఉన్న చోట అంతకుముందు ఒక పెద్ద మొక్కల నర్సరీ ఉండేది. అందుకే 18 హోల్స్‌కీ 18 మొక్కల పేర్లు: 5వది మగ్నోలియా, 10వది కమేలియా, 13వది అజేలియా. ఒకే తీగకి 18 పూలు. నేల కథలోంచి వచ్చింది కాబట్టి అది అతికించింది కాదు, మొలిచింది.

సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ పద్ధతి వేరు. 4వ హోల్ పేరు "జింజర్ బీర్", ఒకప్పుడు అక్కడ బండి పెట్టుకుని ఒక పెద్దాయన ఆ పానీయం అమ్మేవాడు. 17వది "రోడ్", పక్కనే రోడ్డుంది. 18వది అక్కడి పాత ఆటగాడు, కోర్సు సంరక్షకుడు టామ్ మోరిస్ పేరు. తీగ లేదు, ఒక్కోదానికి ఒక్కో కారణం. మన కోర్సులకి నేను దీన్నే సలహా ఇస్తాను. 18 పూల పేర్లు మనకి తెలుగులో దొరుకుతాయి కానీ ఆ మొక్కలు ఒక్కో హోల్ దగ్గర నిజంగా ఉండాలి కదా.

పని చేసే వరస:

1. ఒక్కో హోల్‌కి నోట్‌బుక్‌లో ఉన్న గట్టి గుర్తు ఒకటి రాయండి: వంగిన తాటిచెట్టు, జంటబండలు, పాత మోటబావి, పాలపిట్ట కూర్చునే కరెంటు తీగ, సీతాఫలం గుట్ట.
2. గుర్తు దొరకని హోల్స్ నాలుగైదు ఉంటాయి. వాటిని ఖాళీగా వదిలేయండి.
3. పేర్లు రెండు మాటలు దాటకూడదు. స్కోర్‌కార్డు గడిలో పట్టాలి.
4. భయపెట్టే పేర్లు ఒకటి చాలు. ప్రతి హోల్‌కీ యముడు, నరకం అని పెడితే ఏదీ భయపెట్టదు.
5. తెరిచాక ఏడాది ఆగండి. ఖాళీ హోల్స్‌కి ఆటగాళ్ళే పేర్లు పెడతారు, వాటిని రాసుకోండి.

ఐదోదాన్ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. స్కాట్లండ్‌లోని రాయల్ ట్రూన్ కోర్సులో 8వ హోల్ అసలు పేరు "ఐల్సా". విల్లీ పార్క్ అనే ఆటగాడు ఒక పత్రికలో రాస్తూ, దాని గ్రీన్ తపాలా బిళ్ళంత ఉందన్నాడు. అంతే, ప్రపంచానికి అది "పోస్టేజ్ స్టాంప్" అయిపోయింది. 123 గజాల చిన్న హోల్, గోల్ఫ్‌లో ఎక్కువమందికి తెలిసిన పేర్లలో ఒకటి. ఆటగాళ్ళ నోట పుట్టిన పేరు వస్తే కమిటీ పేరు పక్కకి తప్పుకోవాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

- స్పాన్సర్ పేరుతో హోల్: బోర్డు కింద చిన్న అక్షరాల్లో స్పాన్సర్‌ని పెట్టండి, పేరు మాత్రం హోల్‌దే.
- రెండు హోల్స్‌కి దగ్గరి పేర్లు (పెద్దబండ, నల్లబండ): గాలివానలో, ప్రమాదంలో ఎక్కడున్నారో ఫోన్‌లో చెప్పేటప్పుడు తికమక. బోర్డు మీద నంబర్ తప్పకుండా పెద్దగా ఉండాలి.
- తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయడం: రెండు లిపుల్లోనూ రాయించండి, తెలుగు పైన.

## 10. ఇప్పటికే చెడ్డ పేరు పెట్టేసి ఉంటే

ముందు అది నిజంగా చెడ్డదా, పాతబడిందా తేల్చుకోండి. 15 ఏళ్ళుగా సభ్యులు ప్రేమగా పిలుస్తున్న పేరు నియమాలకి సరిపోకపోయినా ఉంచేయండి. పేరు ఎవరినైనా కించపరుస్తుంటే, పక్క కోర్సుతో తికమక అవుతుంటే, లేనిదాన్ని ఉందంటుంటే మార్చండి.

అమెరికాలో పాత కోర్సు కొన్న మనవాళ్ళకి ఒక మాట. మన ఊరి పేరో, అమ్మానాన్నల పేరో పెట్టాలని ఉండటం నాకు అర్థమవుతుంది. కానీ ఆ కోర్సులో ముప్ఫై ఏళ్ళుగా ఆడుతున్నవాళ్ళున్నారు. కోర్సు పేరు వాళ్ళకి వదిలేసి, క్లబ్‌హౌస్‌కో, ప్రాక్టీస్ గ్రీన్‌కో, పిల్లల టోర్నమెంట్‌కో మీ పేరు పెట్టుకోండి.

మార్చే వరస:

1. సభ్యులకి ముందు చెప్పండి, పత్రికలకి తర్వాత.
2. 2 నుంచి 6 దాకా దశలన్నీ మళ్ళీ చేయండి. ఈసారి పాత సభ్యులు, క్యాడీలు తప్పకుండా ఉండాలి.
3. వానాకాలం ముగిసి, నేల పచ్చగా ఉన్నప్పుడు మార్చండి. బోర్డులు, స్కోర్‌కార్డులు, మ్యాపు, బిల్లులు ఒకే వారంలో మారాలి. సగం మారిన పేరు జనాన్ని ఏడాదిపాటు తిప్పుతుంది.
4. కొత్త పేరు కింద పాత పేరు చిన్న అక్షరాల్లో రెండేళ్ళు ఉంచండి. క్యాబ్ డ్రైవర్లు పాత పేరు అడగడం మానేసిన రోజున ఆ వరస తీయించండి.